చార్లెసు డార్విను చరిత్రము: నమ్మికయు నిదర్శనమును

కొంతకాలము క్రిందట మేమొక పఠనమందిరమున జీవపరిణామమును గూర్చి యుపన్యసించి కూర్చుండగా, కళాశాలలో చదువుకొనుచున్న యువకుడొకడు లేచి, తాము డార్వినును నమ్ముదురా యని మమ్మడిగెను. నమ్ముదుమనుటకు మాకు నోరాడలేదు, నమ్మమనుటకును నోరాడలేదు. మేము తడబడుచుండగా సభలోని వృద్ధులొకరు లేచి, ఇందు వింత యేమున్నది, మత్స్య కూర్మ వరాహ నరసింహావతారములు ఆ క్రమముననే వచ్చినవని మన పెద్దలు చెప్పియే యున్నారు, కావున ఈ వాదము మనకు సమ్మతమే యని తీర్పు చెప్పిరి. సభవారు కరతాళధ్వనులు చేసిరి. అంతట వేఱొక పెద్దమనిషి, కోతి మనుష్యుడగుటను కన్నులార చూచినవాడెవడును లేనప్పుడు మేమేల యొప్పుకొందుమని త్రోసిపుచ్చిరి. దానికిని కరతాళధ్వనులు చేసిరి.

ఆ రాత్రి మేము చాలసేపు ఆలోచించితిమి. ఒకరు పెద్దలు చెప్పిరని యొప్పుకొనిరి. ఒకరు ఎవరును చూడలేదని కాదనిరి. ఇద్దఱిలో నెవరును నిదర్శనమేమని యడుగలేదు. యువకుడును నమ్మికను గూర్చియే ప్రశ్నించెను గాని ఋజువును గూర్చి ప్రశ్నింపలేదు. మేము ఇరువది సంవత్సరములుగా న్యాయస్థానములందు వాదించుచున్నవారము. ఒక సంగతిని నమ్ముటకును, అది ఋజువైనదని అంగీకరించుటకును గల భేదము మా వృత్తికి ప్రాణము. అయినను ఆ సభలో దానిని రెండు మాటలలో చెప్పలేకపోతిమి. ఆ లోపమును తీర్చుకొనుటకై డార్విను చరిత్రమునే చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆయన యేమి చెప్పెనో దానికంటె, అది చెప్పుటకు ఏ త్రోవను వచ్చెనో యనునదియే యిందు ముఖ్యము.

చార్లెసు డార్విను 1809 వ సంవత్సరము ఫిబ్రవరి 12 వ తేదీని ఇంగ్లండు దేశమున ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్టు డార్విను పేరుగన్న వైద్యుడు. తల్లి సుసానా, మేలైన మంటిపాత్రలు చేయించి దేశమంతట ప్రసిద్ధికెక్కిన జోషియా వెడ్జివుడ్డుగారి కుమార్తె. బాలునికి ఎనిమిదేండ్లున్నప్పుడు, 1817లో ఆమె కాలధర్మము నొందెను. తాతయగు ఎరాస్మసు డార్విను వైద్యుడును కవియు. జీవులన్నియు ఒక్క మూలమునుండి పుట్టి క్రమముగా మాఱినవని ఆ తాత పదునెనిమిదవ శతాబ్దపు తుదిని ఒక గ్రంథమున సూచించియుండెను. మనుమడు దానిని యౌవనమున చదివి మెచ్చుకొనెను. కాని దానివలన ఆయన యభిప్రాయము మాఱలేదు. పది పదునైదేండ్ల తరువాత మరల చదివినప్పుడు, అందు ఊహలు మెండుగను సంగతులు కొద్దిగను ఉండుట చూచి నిరుత్సాహపడెను. పరిణామవాదము డార్వినునకు పిత్రార్జితమువలె సంక్రమించినదని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. తాత చెప్పినమాట పిమ్మట చాలవఱకు నిజమని తేలెను. అయినను సాక్ష్యము లేని నిజమును మనుమడు నిజమని గ్రహింపలేదు.

తండ్రి కోరికచొప్పున ఆయన 1825లో వైద్యవిద్య కొఱకు ఎడింబరో నగరమునకు పోయెను. అది మత్తుమందులు లేని కాలము. శస్త్రచికిత్సలో రోగులు పడు బాధను చూడలేక ఆ యువకుడు గదినుండి పరుగెత్తి వచ్చెను. ఆ నగరమున ఆయన మనసిచ్చి నేర్చుకొన్న విద్య వేఱొకటి. దక్షిణ అమెరికానుండి వచ్చిన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు, పూర్వము బానిసగా నుండి విముక్తి పొందినవాడు, చచ్చిన పక్షుల చర్మములను చెడకుండ నిలుపు పనిని ఆయనకు నేర్పెను. రాబోవు యాత్రలో ఆ విద్యయే అక్కఱకు వచ్చినది.

వైద్యము వదలుకొనిన కుమారుని తండ్రి మతాచార్యుని చేయదలచి 1828లో కేంబ్రిడ్జికి పంపెను. డార్విను అప్పుడు బైబిలులోని ప్రతి యక్షరమును నిజమని నమ్మినవాడే. గడియారమును చూచినచో గడియారమును చేసినవాడు తోచునట్లు, ప్రాణుల యవయవముల పొందికను చూచినచో వానిని చేసిన కర్త తోచునని వాదించిన పేలీగారి గ్రంథమును ఆయన శ్రద్ధతో చదివి, ఆ వాదమునందలి వరుసను చూచి ఆనందించెను. ఆయన మొదటినుండియు మతద్వేషియని పలుకువారు చరిత్ర నెఱుగనివారు. కేంబ్రిడ్జిలో పెంకుపురుగులను పట్టుటయందు ఆయనకు వ్యసనము పుట్టెను. వృక్షశాస్త్రాచార్యులగు హెన్‌స్లోగారు ఆయనకు గురువును మిత్రుడును అయిరి. ఆ గురువు సిఫారసువలననే ఆయన జీవితమును మార్చిన అవకాశము లభించెను.

1831 డిసెంబరు 27 న బీగిలు అను నౌక దక్షిణ అమెరికా తీరములను కొలుచుటకై బయలుదేఱెను. దాని నాయకుడు ఫిట్జురాయి. అతనికి తోడుగను, ప్రకృతిశాస్త్ర పరిశీలకుడుగను డార్విను జీతము లేకుండ ఎక్కెను. ఆ యాత్ర ఇంచుమించు ఐదేండ్లు సాగి 1836 అక్టోబరు 2 న ముగిసెను.

యాత్రారంభముననే జరిగిన యొక సంగతి న్యాయవాదులమగు మాకు మిక్కిలి రుచించును. 1832లో నౌక బ్రెజిలు దేశమున నున్నప్పుడు, ఫిట్జురాయి బానిసత్వమును సమర్థించుచు, ఒక ధనికుడు తన బానిసలనందఱను పిలిచి మీకు స్వేచ్ఛ కావలెనా యని యడుగగా వారందఱు వలదనిరని చెప్పెను. యజమాని యెదుట బానిస చెప్పిన సాక్ష్యమునకు విలువ యేమున్నదని డార్విను ప్రశ్నించెను. నాయకునికి పట్టరాని కోపము వచ్చి, ఇక నీతో కలిసి భుజింపనని పలికి, కొన్ని గడియలకు చల్లబడి క్షమాపణ చెప్పెను. చదువరులారా, ఇరువదిమూడేండ్ల యువకునికి సాక్ష్యమును తూచు బుద్ధి అప్పటికే యున్నది. ఎవడు చెప్పెను, ఏ స్థితిలో చెప్పెను, చెప్పకుండుటకు అతనికి స్వాతంత్ర్యముండెనా యని ఆయన యడుగ నేర్చెను. తరువాత ఆయన ప్రకృతిని ప్రశ్నించినదియు ఈ తీరుననే.

నౌకలో ఆయన లయల్ అను భూగర్భశాస్త్రవేత్త గ్రంథమును చదువుకొనెను. నేడు మన కన్నుల యెదుట మెల్లమెల్లగా పనిచేయుచున్న కారణములే దీర్ఘకాలమున కొండలను లేపి లోయలను త్రవ్వినవని ఆ గ్రంథ సారాంశము. 1835 ఫిబ్రవరి 20 న చిలీ దేశమున గొప్ప భూకంపము కలిగెను. కన్సెప్సియను పట్టణము కూలిన కొలది దినములకు డార్విను అచ్చటికి పోయి చూడగా, సముద్రతీరము కొన్ని యడుగులు పైకి లేచి, నీటిలో నుండవలసిన గుల్లచేపలు ఱాళ్లకు అంటుకొని నీటికి ఎగువను చచ్చియుండెను. గ్రంథమున చదివినది కంటికి కనబడెను. అంతకు ముందే అర్జెంటీనా తీరమున ఆయన త్రవ్వి తీసిన యెముకలలో, ఏనుగంత పరిమాణముగల నశించిన జంతువుల యస్థిపంజరములుండెను. వానిలో కొన్ని ఆ దేశముననే నేడు బ్రతుకుచున్న చిన్న జంతువులతో పోలియుండెను. చచ్చినవానికిని బ్రతికినవానికిని ఒకే చోట ఈ పోలిక యేల కలుగవలెనని ఆయన మనస్సున నొక ప్రశ్న నాటుకొనెను.

1835 సెప్టెంబరులో నౌక గలాపగసు దీవులను చేరెను. అచ్చటి తాబేటి చిప్పను చూచినంతనే అది యే దీవిదో చెప్పగలమని ఆ దీవుల ఉపపాలకుడు పలికెను. డార్విను మొదట దానిని అంతగా లెక్కపెట్టలేదు. ఫించి యను చిన్నపిట్టలను పట్టి, ఏ పిట్ట యే దీవిదో గుఱుతు పెట్టకుండ కలిపివేసెను. అక్కడనే ఆయనకు మెఱుపువలె జ్ఞానోదయము కలిగినదని లోకమున వాడుకలో నున్న కథ నిజము కాదు. లండనుకు తిరిగి వచ్చిన పిదప 1837లో జాన్ గూల్డు అను పక్షిశాస్త్రవేత్త ఆ పిట్టలను పరిశీలించి, మాకింగు పిట్టలు మూడు దీవులలో మూడు జాతులనియు, చూపునకు వేఱువేఱుగా నున్న ఫించి పిట్టలన్నియు ఒకే కుటుంబములోని వేఱువేఱు జాతులనియు తేల్చెను. అప్పుడు డార్విను తన పొరపాటునకు చింతించి, నౌకలోని తక్కినవారు గుఱుతులు పెట్టి దాచిన పిట్టలను అడిగి తెచ్చి, లెక్క సరిచూచుకొనెను. తన సాక్ష్యము చాలనప్పుడు ఇతరుల సాక్ష్యమును వెదకినవాడే సత్యమును కోరువాడు.

ఆ సంవత్సరముననే ఆయన రహస్యముగా వ్రాతపుస్తకములను ప్రారంభించి, జీవజాతులు కొమ్మలువిడిచిన వృక్షమువలె ఒకదానినుండి యొకటి చీలినవని సూచించు చిన్న పటమును గీసెను. 1838లో మాల్థసుగారి జనసంఖ్యా గ్రంథమును చదువగా కారణము స్ఫురించెను. ప్రతి జాతియందును బ్రతుకగలిగిన వానికంటె ఎక్కువ పిల్లలు పుట్టును. ఒకదానికొకటి కొంచెము భేదముండును. ఆయా స్థలమున జీవించుటకు అనుకూలమగు భేదముగలవి ఎక్కువగా మిగిలి పిల్లలను కనును. ఆ భేదము సంతతికి సంక్రమించును. తరతరములు ఇట్లు గడచినచో జాతి మాఱును. దీనికే ప్రకృతివరణమని పేరు. మన రైతు మేలైన గింజలను విత్తనమునకు ఏఱి యుంచినట్లే, ప్రకృతియు ఏఱుచున్నది. భేదమేమనగా ప్రకృతికి ఉద్దేశము లేదు.

యువకుడు ఇరువదితొమ్మిదేండ్లకే ఇంతటి రహస్యమును కనుగొనెను. మనలో నొకడైనచో ఏమి చేసియుండును? మఱునాడే చాటింపు వేయించియుండును. డార్విను ఇరువదేండ్లు మిన్నకుండెను. 1842లో 35 పుటల సంగ్రహము వ్రాసెను. 1844లో దానిని 230 పుటలకు పెంచి, తాను మరణించినచో ప్రకటింపవలసినదని, అందులకు 400 పౌనులు వినియోగింపుమని భార్యకు జాబు వ్రాసి పెట్టెను. ఆ సంవత్సరముననే వేఱొక రచయిత పేరు దాచుకొని సృష్టి పరిణామమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. జనులు విరగబడి కొనిరి. శాస్త్రజ్ఞులు అందలి తప్పులను చీల్చి చెండాడిరి. నిదర్శనములు చాలక సత్యము బయలువెడలినచో ఏమగునో డార్విను దానివలన గ్రహించెను.

అటుతరువాత ఎనిమిదేండ్లు ఆయన ఓడల యడుగునను సముద్రపు ఱాళ్లకును అంటుకొని పెరుగు బార్నకిలు అను చిన్న ప్రాణులను సూక్ష్మదర్శినితో పరీక్షించుచు గడపెను. జాతిలో భేదములెట్లుండునో స్వయముగా చూడనివాడు జాతులను గూర్చి మాటాడరాదని ఆయన తలంపు. పావురములను పెంచి, పావురములు పెంచువారి సంఘములలో సభ్యుడై, సామాన్యులతో కూర్చుండి వారి యనుభవమును వినెను. గింజలు సముద్రముపై తేలి దూరపు దీవులకు చేరగలవా యను ప్రశ్నకు ఊహతో బదులు చెప్పక, 87 విధముల గింజలను ఉప్పునీట నానబెట్టి, 28 దినముల తరువాత వానిలో 64 మొలకెత్తుట చూచెను. ఇంతియగాక ఆయనకొక నియమముండెను. తన సిద్ధాంతమునకు విరుద్ధమగు సంగతి యేది కనబడినను వెంటనే వ్రాసికొనెడివాడు. అనుకూలమగు సంగతులకంటె ప్రతికూలమగునవి త్వరగా మఱపునకు వచ్చునని ఆయన యనుభవము. ఈ యొక్క నియమమును మనము మన వ్యాజ్యములందును, మన కులవివాదములందును, మన రాజకీయములందును పాటించినచో దేశమెంత మాఱునో చదువరులే యూహింతురు గాక.

ఈ నడుమ ఆయన గృహజీవనమును గూర్చి కొంత చెప్పవలెను. 1839 జనవరి 29 న మేనమామ కూతురగు ఎమ్మాను వివాహమాడెను. 1842లో కెంటు మండలమందలి డౌను గ్రామమున ఒక యింట కాపురముండి కడవఱకు అచ్చటనే నివసించెను. పదుగురు బిడ్డలు కలిగిరి. ఎమ్మా భక్తురాలు. నిదర్శనము లేనిది నమ్మరాదను అలవాటు పరలోకమున తమ్మిద్దఱను వేఱుచేయునేమోయని ఆమె భయపడి భర్తకు జాబు వ్రాసెను. ఆయన దానిని జీవితాంతము దాచుకొని, చదివినప్పుడెల్ల కన్నీరు విడిచెను. 1851 ఏప్రిలు 23 న ముద్దుబిడ్డయగు ఆనీ పదేండ్ల ప్రాయమున మరణించెను. ఆ దుఃఖము తండ్రిని కడవఱకు విడువలేదు. ఆయన క్రైస్తవ విశ్వాసము క్రమక్రమముగా సడలిపోయినది. తుది దినములలో తన్ను తాను ఆస్తికుడనియు నాస్తికుడనియు గాక, ఆ విషయమున నిశ్చయము తెలియనివాడనని చెప్పుకొనెను. అయినను భార్య విశ్వాసమును ఎన్నడును హేళన చేయలేదు. గ్రామపు మతాచార్యునితో స్నేహము చెడలేదు. పేదల పొదుపు సంఘమునకు కోశాధికారిగా పనిచేసెను. నమ్మికకు చోటెక్కడ, నిదర్శనమునకు చోటెక్కడ యని ఎఱిగి మెలగుట ఆ యింట మనము నేర్చుకొనదగిన పాఠము.

1858 జూను 18 న మలయాద్వీపములనుండి ఆల్ఫ్రెడు రస్సెలు వాలెసు పంపిన వ్రాతప్రతి యొకటి ఆయనకు చేరెను. అందు ప్రకృతివరణ సిద్ధాంతము చక్కగా వ్రాయబడియుండెను. ఇరువదేండ్ల శ్రమయొక్క ప్రథమస్థానము ఒక్క టపాలో పోవునట్లు కనబడెను. ఆ దినములలోనే ఆయన యింట పసిబిడ్డ యొకడు జ్వరముతో జూను 28 న మరణించెను. డార్విను ఆ వ్రాతప్రతిని దాచలేదు. లయల్, హూకరు అను మిత్రుల చేతిలో పెట్టి ఉచితమైనది చేయుడనెను. వారు ఇద్దఱి రచనలను జూలై 1 న లండనులోని లిన్నియను సంఘమున కలిపి చదివించిరి. ఇద్దఱు సాక్షులు ఒకరి నొకరు సంప్రదింపక, వేఱువేఱు ఖండములలో తిరిగి, ఒకే మాట చెప్పిరి. న్యాయస్థానమున ఇట్టి సాక్ష్యమునకు బలమెంతయో మా తోటి న్యాయవాదులకు చెప్పనక్కఱలేదు.

జాతుల యుత్పత్తిని గూర్చిన మహాగ్రంథము 1859 నవంబరు 24 న వెలువడెను. అచ్చువేసిన 1,250 ప్రతులను పుస్తకవ్యాపారులు వెంటనే తీసికొనిరి. ఆ గ్రంథమున మేము మిక్కిలి మెచ్చుకొను భాగము సిద్ధాంతమునకు గల చిక్కులను గూర్చిన అధ్యాయము. ప్రతివాది యడుగవలసిన ప్రశ్నలను వాదియే యడిగి, కన్నువంటి సంక్లిష్టమగు అవయవము మెట్టుమెట్టుగా నెట్లు కలుగునను నంశమును దాచక చర్చించి, మెట్టుమెట్టుగా కలుగుట యసాధ్యమైన అవయవమొక్కటి నిరూపించినచో తన సిద్ధాంతము కూలునని ఒప్పుకొనెను. తాను ఓడుటకు మార్గమును తానే చూపిన వాదిని మేము మా వృత్తిలో చూచియుండలేదు. మతసిద్ధాంతములు ఏమి జరిగినను కూలవు. ఏమి జరిగినచో కూలునో చెప్పగలిగినదే శాస్త్రము.

ఆయన తప్పులు చేయలేదా? చేసెను. ఇంగ్లండులోని యొక లోయ కోసికొనిపోవుటకు ముప్పది కోట్ల సంవత్సరములు పట్టియుండునని మొదటి ముద్రణమున లెక్కవేసెను. విమర్శకులు ఆ లెక్కలోని లోపములను చూపగా మూడవ ముద్రణమున తీసివేసెను. సంతానమునకు గుణములెట్లు సంక్రమించునో చెప్పుటకు 1868లో ఆయన కల్పించిన వాదము పొరపాటని తరువాత తేలెను. మెండెలు అను సన్యాసి బఠాణీమొక్కలతో చేసిన ప్రయోగముల ఫలితములు 1866లో అచ్చుపడియున్నను లోకము వానిని 1900 వఱకు గుర్తింపలేదు. డార్విను చెప్పినదెల్ల వేదవాక్యమైనచో ఈ తప్పులును వేదవాక్యములే కావలెను. శాస్త్రజ్ఞులు వానిని నిరాకరించి, నిదర్శనము నిలిచిన భాగమును మాత్రమే నిలుపుకొనిరి. కావుననే డార్వినును నమ్ముదురా యను ప్రశ్న సరియైనది కాదు.

ఆయన చెప్పినవి నిలిచిన తీరును చూడుడు. మడగాస్కరు దీవిలో ఇంచుమించు అడుగు పొడవుగల తేనెగొట్టముతో పూయు ఆర్కిడు పుష్పమును 1862లో పరీక్షించి, అంత పొడవుగల తొండముతో ఆ తేనెను త్రాగు రెక్కలపురుగు ఆ దీవిలో నుండితీరవలెనని వ్రాసెను. కొందఱు నవ్విరి. ఆయన చనిపోయిన చాలకాలమునకు, 1903లో, ఆ పురుగును శాస్త్రజ్ఞులు వర్ణించి పేరు పెట్టిరి. గ్రంథము వెలువడిన రెండేండ్లకే, 1861లో, జర్మనీ దేశపు సున్నపుఱాతిలో పక్షివలె ఈకలును, సరీసృపమువలె పండ్లును పొడవైన తోకయెముకయు గల జీవి శిలాజము దొరకెను. చేపలకును నేలపై నడచు జంతువులకును నడిమిదగు జీవి ఏ కాలపు ఱాళ్లలో నుండునో ముందుగా లెక్కకట్టి, ఉత్తర ధ్రువప్రాంతమున కెనడా దీవిలో వెదకిన శాస్త్రజ్ఞులకు 2004లో టిక్టాలికు అను శిలాజము దొరకెను. దాని ప్రాయము ఇంచుమించు 37 కోట్ల 50 లక్షల సంవత్సరములు.

1860 జూను 30 న ఆక్స్‌ఫర్డులో జరిగిన సభయందు బిషపు విల్బర్ఫోర్సును హక్స్‌లీయు వాదించుకొనిన కథ జగద్విదితము. అనారోగ్యముచే డార్విను పోలేదు. బీగిలు నాయకుడగు ఫిట్జురాయి ఆ సభలో లేచి బైబిలు చేతబట్టుకొని తన పూర్వమిత్రుని మతమును నిరసించెను. ఒకే నౌకలో ఐదేండ్లు ఒకే సముద్రమును ఒకే దీవులను చూచిన యిద్దఱు. చూపొక్కటియే; చూచినదానిని తూచుటయందే భేదము.

1871లో మానవుని పుట్టుకను గూర్చి వ్రాసి, మనుష్యజాతికి మినహాయింపు లేదని డార్విను ప్రకటించెను. చివరి గ్రంథము 1881లో వెలువడెను. అది వానపాములను గూర్చినది. వానికి వినికిడి కలదా యని తెలియుటకై కుమారునిచేత వాద్యమూదించియు, పియానోపై కుండలలో నుంచియు పరీక్షించెను. లోకప్రసిద్ధుడైన డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు వానపాముల సాక్ష్యముకొఱకు ఓపికతో కూర్చుండుట తలచుకొన్నప్పుడెల్ల మాకు గౌరవము హెచ్చుచుండును. 1882 ఏప్రిలు 19 న ఆయన మరణించెను. 26 వ తేదీన వెస్ట్‌మినిస్టరు దేవాలయమున, న్యూటను సమాధికి సమీపమున ఖననము చేసిరి.

మరణానంతరము ఒక వదంతి పుట్టెను. అవసానకాలమున డార్విను తన సిద్ధాంతమునకు పశ్చాత్తాపపడి మరల క్రైస్తవుడయ్యెనని, ఆయన పడకకడ తాను విన్నట్లు లేడీ హోపు అను నామె చెప్పిన కథ 1915లో అమెరికాలోని యొక పత్రికలో వెలువడెను. మరణసమయమున ప్రక్కనుండిన కుమార్తె హెన్రియెట్టా, ఆమె ఆ సమయమున అక్కడ లేనేలేదని 1922లో ఖండించెను. ముప్పదిమూడేండ్ల తరువాత పుట్టిన మాట ఒకటి. ప్రక్కనున్న కుమార్తె మాట ఒకటి. దేనిని గ్రహింపవలెనో చదువరులు తీర్పు చెప్పగలరు. కాని అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ఆ కథ నిజమే యనుకొందము. అందువలన మడగాస్కరు పురుగు తొండము పొట్టిదగునా? శిలాజములకు ఈకలు రాలిపోవునా? సిద్ధాంతము కర్తయొక్క నోటిపై ఆధారపడినది గాదు. గురువు మాట మార్చినచో మతము కదలును. సాక్షి మాట మార్చినను ఱాతిలోని సాక్ష్యము కదలదు.

ఇక సభలోని పెద్దమనుష్యులకు మా ప్రత్యుత్తరము. ఎవరును చూడలేదను నాక్షేపణ మనదేశమున క్రొత్తది కాదు. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వములోని యొక సహాయమంత్రి దీనినే చెప్పగా, దేశమందలి మూడు శాస్త్ర అకాడమీలు కలిసి ఖండించినవి. పగలు తలుపులు మూసిన గదిలో హత్య జరిగినప్పుడు చూచినవాడెవడు? అయినను వ్రేలిముద్రలును, రక్తపు మఱకలును, దొరకిన యాయుధమును, అన్నియు ఒకనివైపే చూపి మఱియొక వివరణమునకు చోటు లేనప్పుడు న్యాయస్థానము తీర్పు చెప్పుచున్నది. పరిస్థితులనుబట్టిన సాక్ష్యమును త్రోసివేసినచో లోకమున సగము నేరములకు శిక్ష యుండదు. శిలాజములు, దీవుల పిట్టలు, అవయవముల పోలికలు, 1953లో నిర్మాణము తెలిసిన డీఎన్‌ఏ యందలి వంశలేఖనము, ఇవన్నియు ఒకరినొకరు ఎఱుగని సాక్షులు. వీరందఱు ఒకే మాట చెప్పుచున్నారు. కోతి యొకటి ఒకనాడు మనుష్యుడయ్యెనని పరిణామవాదము చెప్పనే లేదు. కోతులకును మనకును పూర్వికులొక్కరే యని చెప్పినది.

దశావతారములను తలచి యొప్పుకొనిన వృద్ధులకును మనవి. వారు మా పక్షమున నిలిచినందులకు సంతోషమే. కాని కారణము తప్పైన యంగీకారము గాలివాటున మాఱును. నేడు పురాణముతో పోలినదని యొప్పుకొనినవారు, రేపు పోలని యంశము వచ్చినప్పుడు కాదందురు. పుస్తకములో నున్నదని నమ్మిన విద్యార్థియు అట్టివాడే. పుస్తకమునుండి తీసివేసిననాడు మఱచిపోవును. 2023లో పదవతరగతి పాఠ్యపుస్తకమునుండి పరిణామపాఠమును జాతీయ విద్యాసంస్థ తొలగించినప్పుడు, 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును నిరసన తెలిపిరి. పై తరగతిలో జీవశాస్త్రము తీసికొన్నవారికి మాత్రము ఆ పాఠము మిగిలెను. పదితోనే చదువు చాలించు బిడ్డకు తీర్పును వినిపించుటయే గాక సాక్ష్యమును చూపుటయు ఆగిపోయినది. అదియే మా విచారము.

అమెరికా న్యాయస్థానములను చూడుడు. 1925లో టెన్నెసీ రాష్ట్రమున పరిణామమును బోధించినందులకు స్కోప్సు అను ఉపాధ్యాయునికి 100 డాలర్ల జుల్మానా విధించిరి. అచ్చట నిపుణుల సాక్ష్యమును జూరీ యెదుట విననే లేదు. ఎనుబదేండ్ల తరువాత, 2005లో, పెన్సిల్వేనియా రాష్ట్రమున డోవరు వ్యాజ్యమునందు ఉభయపక్షముల నిపుణులను విచారించిరి. రోగనిరోధక వ్యవస్థ పరిణామమును శాస్త్రము వివరింపలేదని చెప్పిన సాక్షి యెదుట 58 శాస్త్రవ్యాసములను పేర్చిరి. సాక్ష్యమును విన్న న్యాయమూర్తి, పరిణామమునకు పోటీగా తెచ్చిన బోధ శాస్త్రము కాదని తీర్పు చెప్పెను.

డార్విను గ్రంథపు తుదిముద్రణము 1872లో వెలువడినది. అదే సంవత్సరమున మన భారతదేశపు సాక్ష్యచట్టమును పుట్టెను. 2024 జూలై 1 న క్రొత్త చట్టము దాని స్థానమును ఆక్రమించినను, ఋజువను మాటకు అది యిచ్చిన అర్థము నేటికిని నిలిచియే యున్నది. దాని ప్రకారము ముందు ఎదుటనున్న సంగతులను పరిశీలింపవలెను; తరువాతనే న్యాయాధిపతి నమ్మవలెను. అనగా నమ్మిక యుండరాదని చట్టము చెప్పలేదు. అది నిదర్శనము వెనుక రావలెనని చెప్పినది. ఆ యువకునికి మేము చెప్పవలసిన బదులు ఇదియే. నాయనా, మేము డార్వినును నమ్మము. ఆయన చూపిన సాక్ష్యమును, ఆయన తరువాతివారు చూపిన సాక్ష్యమును పరిశీలించి, ఋజువైనదని అంగీకరించుచున్నాము. అంతకంటె బలమైన విరుద్ధసాక్ష్యమును నీవు తెచ్చిననాడు మరల విచారింతుము. నీవును మమ్ము నమ్మవలదు. పోయి చూడుము.